బొచ్చు మెరవాలంటే ముందు గిన్నెలోకి చూడు, చెల్లాయ్

మీ లాబ్రడార్ పిల్ల బ్రూనో వీపు మీద పొట్టు రాలుతోంది, ఏ నూనె రాయమంటావక్కా అని అడిగావు. కుక్కపిల్లను కొత్తగా తెచ్చుకున్నవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది ఇదే, ఏం రాయాలి అని. కొబ్బరినూనెలో పసుపు కలిపి పట్టించమని పక్కింటి పిన్నిగారు చెప్పారన్నావు. వేపాకు కాచిన నీళ్ళతో రోజూ స్నానం చేయించమని ఇంకెవరో, ఆ నీళ్ళలో రెండు చుక్కలు ఫినాయిల్ వెయ్యమని అపార్ట్‌మెంటు వాచ్‌మన్. ఎవరూ చెడు కోరి చెప్పలేదు. అయినా నేను నిన్నే తిరిగి ఒకటి అడిగాను, వాడికి ఏం పెడుతున్నావు అని. పొద్దున గేదెపాలు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం బిస్కట్లు, రాత్రి మళ్ళీ పెరుగన్నం, మధ్యలో రెండు పూటలా కాల్షియం టానిక్కు. ఆ జవాబు వినగానే వాడి వీపు సంగతి సగం అర్థమైంది. ఫోన్లో హడావిడిగా చెప్పి వదిలేసే విషయం కాదు కనుక ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను.

వెంట్రుక అంటే దాదాపు అంతా మాంసకృత్తులే చెల్లాయ్. కుక్క ఒళ్ళంతా బొచ్చు, దాని కింద చర్మం ఎప్పటికప్పుడు రాలి కొత్తది పుడుతూ ఉంటుంది. తిన్న మాంసకృత్తుల్లో పెద్ద వాటా ఈ పనికే పోతుంది. రెండున్నర నెలల పిల్లకి దాని మీద ఎముకా పెరగాలి, కండా పెరగాలి. చాలీచాలని తిండి పెడితే శరీరం ముందు గుండెకి, మెదడుకి, కండకి పంచుకుంటుంది. చివరికి మిగిలితే బొచ్చుకి. అందుకే లోపల ఏ లోటు వచ్చినా మొట్టమొదట వెలవెలబోయేది బొచ్చు. జీవం లేకుండా, గడ్డిలా గరుగ్గా, చెయ్యి వేస్తే తెల్లటి పొట్టు రాలుతూ ఉంటుంది. దాని మీద నూనె పట్టించడమంటే బీటలు వారిన గోడకి సున్నం కొట్టినట్టే, పైకి నిగనిగలాడుతుంది, లోపలిది అలాగే ఉంటుంది. పైగా వాడు ఆ నూనెంతా నాకి విరోచనాలు తెచ్చుకుంటాడు.

అయితే పెరుగన్నం పాపం అనడం లేదు నేను. మన ఇళ్ళలో కుక్క అంటే పెరుగన్నమే. అమ్మ కూడా అదే పెట్టి పెంచింది. కుక్క మాంసాహారి కదా, అన్నం అసలు అరగదనే మాట కూడా ఇప్పుడు బాగా వినబడుతోంది. అది నిజం కాదు. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తోడేళ్ళ జన్యువుల్నీ కుక్కల జన్యువుల్నీ పక్కపక్కన పెట్టి చూసి 2013లో ప్రచురించారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో కంటే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉంది. మనిషి పక్కన వేల ఏళ్ళు బతికి, మనిషి తినే గింజలు తినడం దాని ఒంటికి అలవాటైంది. కాబట్టి బాగా ఉడికిన మెత్తటి అన్నం వాడికి అరుగుతుంది. పెరుగు కూడా పాల కంటే మేలు, తోడుకున్నప్పుడు అందులో పాల చక్కెర తగ్గుతుంది. తంటా ఎక్కడంటే, పెరిగే పిల్లకి అదొక్కటే తిండి కావడంలో ఉంది. పెరుగన్నంలో మాంసకృత్తులు చాలవు, చర్మానికి తప్పనిసరైన లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు చాలదు, జింకు చాలదు, రాగి చాలదు, డి విటమిన్ దాదాపు లేదు. వాడి కడుపు నిండుతోంది, ఒంటికి మాత్రం అందడం లేదు.

గేదెపాలు ముందు మానెయ్యి. తల్లి పాలు మరిచాక పిల్లల్లో పాల చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. చిక్కటి గేదెపాలు తాగితే చాలా పిల్లలకి పల్చగా విరోచనాలవుతాయి. రెండు రోజులు అలా అయితే తిన్నది ఒంటపట్టదు. బిస్కట్ల గురించి వేరే చెప్పాలా, మైదా, చక్కెర. నీ పిల్లలు ప్రేమగా విసిరే ప్రతి బిస్కట్టూ వాడి అసలు తిండికి చోటు తగ్గిస్తుంది.

మరేం పెట్టాలి? ఈ ఏడాదంతా నీకు సులువైన దారి, నమ్మకమైన దారి ఒకటి చెబుతాను. మంచి కంపెనీ పప్పీ ఫుడ్డు, అదీ లార్జ్ బ్రీడ్ పప్పీ అని రాసి ఉన్నది. లాబ్రడార్ పెద్ద జాతి కదా, వాడి ఎముకల పెరుగుదలకి తగ్గట్టు కాల్షియం, భాస్వరం లెక్క అందులో కట్టి ఉంటుంది. సంచి మీద పెరిగే పిల్లలకి సంపూర్ణ ఆహారం అని రాసి ఉందో లేదో చదువు. పెట్ షాపులో గోనెసంచిలోంచి విడిగా తూచి అమ్మేది కొనకు. గాలి తగిలి అందులోని కొవ్వు ముక్కిపోతుంది, పైగా అది ఎప్పటిదో తెలియదు. ఒక్కసారిగా మార్చకు, వారం రోజుల మీద పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ రా. మూడు నెలలు నిండేదాకా రోజుకి నాలుగు సార్లు, ఆరు నెలలదాకా మూడు సార్లు, ఆ తర్వాత రెండు పూటలు. నానబెట్టి పెట్టినా ఫరవాలేదు, కానీ నానిన తిండి గిన్నెలో అరగంట మించి ఉంచకు. బెజవాడ ఎండకి ఇట్టే పులిసిపోతుంది.

దాంతోపాటు మన వంటింటి నుంచి కొంచెం పెట్టుకోవచ్చు. ఉడికించిన గుడ్డు చాలా మంచిది. పచ్చి గుడ్డు మాత్రం వద్దు, పచ్చి తెల్లసొనలోని ఒక పదార్థం చర్మానికి కావలసిన బయోటిన్‌ని పట్టేసుకుంటుంది, ఉడికితే ఆ బాధ పోతుంది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, ముల్లు తీసిన చేప, మెత్తగా ఉడికిన గుమ్మడికాయ, క్యారెట్, బీన్స్. చేపని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. చర్మంలో మంట, దురద తగ్గించే ఒమేగా 3 కొవ్వులు చేపలో తయారుగా ఉంటాయి. అవిసెగింజల్లో ఉండే రకాన్ని కుక్క శరీరం ఆ రూపంలోకి మార్చుకోవడం చాలా తక్కువ. మత్తి చేప అంటే కవళ్ళు మన బజార్లో చవగ్గా దొరుకుతాయి, వారంలో రెండుసార్లు ఒక ముక్క ఉడికించి పెట్టు. కొబ్బరినూనె తిండిలో కలపమని కూడా నీకెవరో చెప్పే ఉంటారు. అందులో చర్మానికి కావలసిన లినోలియిక్ ఆమ్లం చాలా తక్కువ. పొద్దుతిరుగుడు నూనెలోనూ కోడి కొవ్వులోనూ అది దండిగా ఉంది. అయితే మంచి పప్పీ ఫుడ్డు తినే పిల్లకి విడిగా నూనె కలపక్కర్లేదు. ఈ పై తిండంతా కలిపి రోజు తిండిలో పదో వంతు మించనివ్వకు.

లేదక్కా, పూర్తిగా ఇంట్లోనే వండి పెడతాను అంటావా, పెట్టు, కాదనను. కానీ అది కళ్ళతో చూసి వేసే లెక్క కాదు. ఉత్త చికెనూ అన్నమూ పెట్టి పెంచిన పిల్లల ఎముకలు మెత్తబడి, గెంతితే విరిగిన సంగతులు పశువైద్యులకు బాగా తెలుసు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఆ తేడా పూడ్చుకోవడానికి శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది. అందుకని డాక్టరుగారి చేత బరువుకి తగిన కొలతలు రాయించుకుని మాత్రమే మొదలుపెట్టు.

ఇప్పుడు ఆ టానిక్కు సీసా దగ్గరికి వద్దాం. దీని గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే మన ఊళ్ళలో కుక్కపిల్లను కొన్న రోజే చేతిలో పెట్టే వస్తువు ఇది. పెద్ద జాతి కుక్క, కాళ్ళు గట్టిపడాలి కదమ్మా అంటారు, మనం నమ్మేస్తాం. సంపూర్ణమైన పప్పీ ఫుడ్డు తినే పిల్లకి పైనుంచి కాల్షియం పోస్తే కాళ్ళు గట్టిపడవు, చెడిపోతాయి. పెద్ద కుక్క తనకి ఎక్కువైన కాల్షియాన్ని పేగుల్లోనే ఆపుకోగలదు. ఆరు నెలల లోపు పిల్లకి ఆ అదుపు ఇంకా ఉండదు, పోసిందంతా ఒంట్లోకి పోతుంది. దాంతో ఎముక పెరిగే తీరు తప్పి, కీళ్ళు వంకర పోయి, జీవితాంతం కుంటే ప్రమాదం ఉంది. చర్మం సంగతికి వస్తే, ఎక్కువైన కాల్షియం పేగుల్లో జింకుకి అడ్డం పడుతుంది. బియ్యం, గోధుమల తవుళ్ళలో ఉండే ఫైటేటు అనే పదార్థం కూడా జింకుని పట్టి ఉంచుతుంది. రెండూ కలిస్తే పెరిగే పిల్లకి జింకు లోటు వస్తుంది. అప్పుడు కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ, మోచేతుల మీద మందంగా పెచ్చులు కడతాయి, అరికాళ్ళ మెత్తలు గట్టిపడి పగులుతాయి. బ్రూనో ముక్కు పక్కన కూడా పెచ్చు లాంటిది ఉందన్నావు చూడు, నా అనుమానం అటే పోతోంది. తేల్చాల్సింది డాక్టరుగారే. కానీ ఆయన చెప్పేదాకా ఆ సీసా మూత తియ్యకు.

ఎండలో పడుకోబెడితే డి విటమిన్ వస్తుందని అత్తగారు వాడిని పొద్దున్నే మేడ మీదికి తీసుకెళుతున్నారట కదా. మనకైతే అలాగే వస్తుంది. కుక్క చర్మానికి ఎండలోంచి చాలినంత డి విటమిన్ తయారు చేసుకునే శక్తి లేదు, దానికి తిండిలోంచే రావాలి. ఆవిడ మనసు నొప్పించకుండా చెప్పు. లేతెండలో కాసేపు ఆడుకుంటే తప్పేమీ లేదు, తిండికి బదులు మాత్రం అది కాదు.

వాడు ఎంత పెట్టినా ఇంకా కావాలని ఏడుస్తాడు, చూడలేక పెట్టేస్తున్నానన్నావు. లాబ్రడార్లకి అదొక గుణం. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో కనిపెట్టారు, లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలి తీరిందని చెప్పే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని. దానికి నిజంగానే ఆకలి తీరినట్టు అనిపించదు. అందుకని వాడి కళ్ళని చూసి కొలవకు, గిన్నెతో కొలిచి పెట్టు. అమెరికాలో 48 లాబ్రడార్లను చిన్నప్పటి నుంచీ రెండు జట్లుగా పెంచి, ఒక జట్టుకి రెండో జట్టు కంటే పావు వంతు తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్న జట్టు సుమారు రెండేళ్ళు ఎక్కువ బతికింది, కీళ్ళ జబ్బు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. వాడి పక్కల మీద అరచెయ్యి ఆనించి చూడు, పక్కటెముకలు చేతికి తెలియాలి, కంటికి కనబడకూడదు. ముద్దుగా గుండ్రంగా ఉండాలన్న కోరిక మనది, దాని బరువు మోసేది వాడి లేత కీళ్ళు.

మన వంటల్లో వాడికి తగలకూడనివి కొన్ని ఉన్నాయి, ఇంట్లో అందరికీ చెప్పి పెట్టు. ఉల్లిపాయ, వెల్లుల్లి ఏ రూపంలోనైనా వద్దు. పచ్చివైనా, వేయించినవైనా, కూరలో కలిసిపోయినవైనా రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. మజ్జిగపులుసులో అన్నం కలిపి పెట్టడం, కోడికూర గ్రేవీ గిన్నె నాకించడం మన ఇళ్ళలో చాలా మామూలు, వాటిలో ఉల్లీ వెల్లుల్లీ లేని రోజుండదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ఒక్కో కుక్కకి ఒక్కో తీరు, కాబట్టి పాయసంలోని కిస్‌మిస్ కూడా వద్దు. ఇందుకు కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని అమెరికాలోని జంతువుల విషవైద్యులు 2021లో చెప్పారు. ఆ ఆమ్లం చింతపండులో పుష్కలంగా ఉంటుంది, చింతపండు తిని జబ్బుపడ్డ కుక్కల సంగతీ వాళ్ళ గమనికకు వచ్చింది. చింతపండు లేని తెలుగు వంటిల్లు ఎక్కడుంది చెప్పు? చారన్నం, పులిహోర, చేపల పులుసు, ఏవీ వాడి గిన్నెలోకి రానీయకు. నానేసిన చింతపండు గిన్నె కింద పెట్టకు, తీపి పులుపులకి వాడు దాన్ని వదలడు. చాక్లెట్లు, చక్కెర లేని చూయింగ్ గమ్ములు కూడా అంతే ప్రమాదం. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా చీలి పేగుకి గుచ్చుకుంటాయి. ఎండాకాలం మామిడి టెంకలు మింగి పేగుకి అడ్డం పడితే ఆపరేషన్ తప్ప దారి ఉండదు.

తిండి ఎంత మార్చినా కడుపులో పురుగులుంటే అదంతా వాటికే పోతుంది. పొట్ట ఉబ్బెత్తుగా, వీపు బక్కగా, బొచ్చు నిర్జీవంగా ఉన్న పిల్లను చూస్తే మొదట అనుమానించాల్సింది ఏలికపాముల్నే. ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా వస్తాయి. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకి చేరతాయి, కొంకిపురుగులు తల్లి పాలలోంచి వస్తాయి. కొంకిపురుగులు రక్తం పీలుస్తాయి కనుక చిగుళ్ళు పాలిపోతాయి. పుట్టిన రెండో వారం నుంచి రెండు వారాలకొకసారి, మూడు నెలలు దాటాక ఆరు నెలలదాకా నెలకొకసారి, ఆ తర్వాత మూడు నెలలకొకసారి పురుగుల మందు పట్టించడం వాడుక. మోతాదు బరువుని బట్టి ఉంటుంది, బరువు తూయించి అడుగు. ఈ పురుగులు మన పిల్లలకీ అంటుతాయి, అందుకని వాడి విసర్జన ఎప్పటికప్పుడు తీసెయ్యి. పిల్లలు వాడితో ఆడి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా కంచం ముట్టనివ్వకు.

స్నానం మాట. కుక్క చర్మం చూడటానికి గట్టిగా కనిపిస్తుంది గానీ పై పొర మన చర్మం పై పొర కంటే బాగా పల్చన. మన చర్మానిది కాస్త ఆమ్లగుణం, దానిది అంతకంటే తటస్థానికి దగ్గర. మన షాంపూ, పిల్లల బేబీ షాంపూ, బట్టల సబ్బు ఏదీ దానికి సరిపడదు. రోజూ స్నానం చేయిస్తే చర్మం మీది సహజమైన నూనె కడుక్కుపోయి పొట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. వీపు పొట్టుకి రోజూ స్నానం మందు కాదు, చాలాసార్లు కారణమే అది. కుక్కల షాంపూతో నెలకొకసారి, మట్టిలో పొర్లిన రోజుల్లో ఇంకోసారి చాలు. టీకాలు పూర్తయ్యేదాకా తడిబట్టతో తుడిచినా చాలు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, చెవుల్లోకి పోకూడదు, నురుగంతా పోయేదాకా కడగాలి. మిగిలిన నురుగే దురద పెడుతుంది. డాక్టరుగారు మందు షాంపూ రాసిస్తే పది నిమిషాలు ఒంటి మీద ఉంచి కడగాలి, లేకపోతే పనిచేయదు. ఫినాయిల్, డెట్టాల్ స్నానపు నీళ్ళలో వద్దే వద్దు. చర్మం కాలుతుంది, నాకితే లోపలికీ పోతుంది.

ఆ తర్వాత ఆరబెట్టడం. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు, పైన గరుకుది, లోపల దూదిలాంటి మెత్తనిది. పైది ఆరినట్టే కనిపిస్తుంది, లోపల తడి ఉండిపోతుంది. మన కోస్తా ఉక్కలో ఆ తడి కింద చర్మం ఎర్రగా చెమ్మగిల్లి పుండవుతుంది. తువ్వాలుతో అద్ది, ఫ్యాను కింద కూర్చోబెట్టి, వేళ్ళతో బొచ్చు పాయలు తీసి చూడు. రోజూ ఐదు నిమిషాలు దువ్వు. దువ్వితే చచ్చిన బొచ్చు వస్తుంది, చర్మంలోని నూనె వెంట్రుక పొడవునా పరుచుకుంటుంది. అన్నిటికీ మించి వాడి ఒంటి మీద ఎక్కడ ఏముందో నీ చేతికి తెలుస్తుంది. నాలుగైదు నెలలు వచ్చేసరికి మెత్తటి పిల్లబొచ్చు ఊడి పెద్ద బొచ్చు వస్తుంది, అప్పుడు ఇల్లంతా వెంట్రుకలైతే జబ్బని కంగారుపడకు. చర్మం బయటపడేలా మచ్చలు మచ్చలుగా ఊడితే మాత్రం అది వేరే సంగతి. ఎండాకాలం చల్లగా ఉంటుందని గుండు చేయించమంటారు, ఒప్పుకోకు. ఆ రెండు పొరలు ఎండ వేడిని కూడా ఆపుతాయి. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, అరికాళ్ళలో కాస్త పడుతుంది, మిగతా వేడంతా వగర్చి వదులుకోవాల్సిందే. కాబట్టి నీడ, నీళ్ళు, తెల్లవారుజామున నడక, ఇవే వాడికి చలువ. మన కొల్లేటి గట్ల మీద బాతుల కాపరులతో తిరిగే జోనంగి కుక్కను చూశావా, ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి బొచ్చు, ఈ ఎండకీ ఉక్కకీ తగ్గట్టు. ఇంకొక పిల్లను పెంచాలనిపిస్తే మన నేల కుక్కలను తలుచుకో. బ్రూనో మాత్రం చల్లటి సీమ బొచ్చు వేసుకుని వచ్చాడు, వాడి బాధ మనం చూసుకోవాలి.

వానలు మొదలయ్యాయంటే గోమార్లు. మీవైపు పిడుదులు అంటారేమో, అవే. చెవుల లోపల, మెడ పట్టీ కింద, వేళ్ళ సందుల్లో, తోక మొదట్లో వెతుకు. ఇవి కుక్క మీద మాత్రమే ఉంటాయనుకోకు, రక్తం తాగిన ఆడది రాలిపోయి గోడ పగుళ్ళలో, తలుపు చెక్కల వెనక వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకి మందు వేసి ఇల్లు వదిలేస్తే మళ్ళీ వస్తాయి. పడక బట్టలు వేడినీళ్ళలో ఉతుకు, గోడల మూలలు, కుక్క పడుకునే చోటు శుభ్రం చేయించు. కనబడ్డ గోమారిని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగి సబ్బు నీళ్ళలో వెయ్యి. వేళ్ళతో నలపకు, అగరొత్తితో కాల్చకు, కిరోసిన్ పూయకు. మందుల్లో మెడ మీద వేసే చుక్కలున్నాయి, మాత్రలున్నాయి, అన్నిటికీ వయసు, బరువు లెక్కలున్నాయి. పక్కింటి పిల్లి మీ ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది కదా, కుక్కలకి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం, గుర్తుపెట్టుకో.

గోమార్లను దురద బాధగా మాత్రమే చూడొద్దు. వాటి కాటుతో ఎర్లీషియా, బెబీసియా అనే జబ్బులు వస్తాయి, మనవాళ్ళు టిక్ ఫీవర్ అంటారు. జ్వరం, తిండి మీద అయిష్టం, పాలిపోయిన చిగుళ్ళు, ముక్కులోంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, వీటిలో ఏది కనబడినా ఆ రోజే తీసుకెళ్ళు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి కనిపిస్తాయి. తొందరగా పట్టుకుంటే మందులకి లొంగుతుంది. రెండు రోజుల్లో లేచి తిరుగుతున్నాడని మాత్రలు ఆపకూడదు, ఎర్లీషియాకి మందు సుమారు నాలుగు వారాలు వాడాలి.

గజ్జి గురించి భయపడ్డావు కదా. గజ్జి రెండు రకాలు. ఒకటి తల్లి దగ్గర పాలు తాగేటప్పుడే పిల్లకి చేరే డెమోడెక్స్ అనే పురుగు వల్ల. ఇది దాదాపు ప్రతి కుక్క చర్మంలోనూ ఉంటుంది, పిల్లల్లో ఒంటి శక్తి తగ్గినప్పుడు బయటపడుతుంది. కళ్ళ చుట్టూ, మూతి మూల, ముందుకాళ్ళ మీద చిన్న చిన్న బోడి మచ్చలు, దురద పెద్దగా ఉండదు. మనకి అంటదు. ఒకటి రెండు మచ్చలైతే తిండీ పురుగుల మందూ సరిచేస్తే చాలాసార్లు వాటంతటవే తగ్గుతాయి. రెండోది సార్కోప్టిస్. అది పెట్టే దురద చూస్తే మనసు నీరైపోతుంది, పిల్ల తిండి మానేసి గోక్కుంటూనే ఉంటుంది. చెవి అంచులు, మోచేతులు, పొట్ట. ఇది మన చేతుల మీదికీ వస్తుంది. ఇంట్లో ఎవరికైనా దద్దుర్లు వస్తే డాక్టరుగారికి చెప్పు. గుండ్రటి మచ్చ, అంచున పొట్టు ఉంటే తామర కావచ్చు, అది పిల్లలకి ఇట్టే అంటుతుంది. ఇవన్నీ కంటికి ఒకేలా ఉంటాయి చెల్లాయ్. చర్మాన్ని కొంచెం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే తేలిపోయే పరీక్ష అది, కొద్ది నిమిషాల పని. అది చేయించకుండా వాడిన ఇంజన్ ఆయిలు పూసేవాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఆ నల్లటి నూనె చర్మంలోంచి లోపలికి పోయి కాలేయాన్ని తినేస్తుంది. మందుల షాపు నుంచి ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ తెచ్చి వేసేవాళ్ళూ ఉన్నారు. కొన్ని జాతుల కుక్కలకి, ముఖ్యంగా కోలీలకి, అది మెదడులోకి పోయి ప్రాణం తీస్తుంది. మోతాదు తప్పితే ఏ జాతికైనా ప్రమాదమే.

చెవుల మాట ఒకటి. లాబ్రడార్ చెవులు వాలి ఉంటాయి, లోపల గాలి ఆడదు. వారానికొకసారి చెవి ఎత్తి వాసన చూడు. పుల్లటి వాసన, నల్లటి గుమిలి, తల విదిలించడం ఉంటే చూపించాలి. పుల్లలు పెట్టి గెలకొద్దు. తిండి వల్ల ఎలర్జీ అని చాలామంది వెంటనే చికెన్ మానేస్తారు. పిల్లల్లో ముందు గోమార్లు, గజ్జి, పురుగులు లేవని తేలాకే ఆ ఆలోచన చెయ్యాలి. తేల్చుకోవడానికి కూడా వాడు ఎన్నడూ తినని ఒకే రకం మాంసకృత్తి, ఇంకేమీ కలపకుండా, కనీసం ఎనిమిది వారాలు పెట్టి చూడాలి.

గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది, మీ ఇంటికి దగ్గరే. పశువైద్యం చదివే పిల్లలకి పాఠాలు చెప్పే ఆసుపత్రి కనుక చర్మం గీకి చూసే పరీక్షలకి అక్కడ కొరత ఉండదు. తిరుపతిలోనూ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోనూ అలాంటివే ఉన్నాయి, మీ స్నేహితురాళ్ళకి చెప్పు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, కానీ నువ్వు ఆ తేదీ కోసం ఆగకు. పార్వో, డిస్టెంపర్ టీకాల వరస నాలుగు నెలలదాకా సాగుతుంది, అది పూర్తయ్యేదాకా వాడిని పార్కులో మట్టి వాసన చూడనివ్వకు.

రేపు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేటప్పుడు మూడు వస్తువులు తీసుకెళ్ళు. చిన్న డబ్బాలో వాడి తాజా విసర్జన కొంచెం, ఆ టానిక్కు సీసా, వాడికి ఏ పూట ఏం పెట్టావో ఒక కాగితం మీద రాసి అదీ. నూనె ఏదీ రాయకుండా తీసుకెళ్ళు, లేకపోతే గీకిన చర్మంలో పురుగు కనబడక పోవచ్చు. బరువు ఎంతుందో, డాక్టరుగారు ఏమన్నారో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.